గరిష్ఠ లాభం లెక్క నష్టంలో తేలుతుంటే: నా అనుభవం

డిగ్రీ ఎకనామిక్స్‌లో గరిష్ఠ లాభం లెక్క చేస్తే నష్టం వచ్చేది. సూత్రాలు బట్టీపట్టడం, పాత పేపర్లు తిరగేయడం, ఏదీ పనిచేయలేదు. తప్పల్లా ధరనే ఎంఆర్ (ఇంకొకటి అమ్మితే అదనంగా వచ్చే రాబడి) అనుకోవడం.

పలాస జీడిపప్పు అనుకోండి (అంకెలు ఊహించినవే, బజార్లో బేరమాడకండి). క్యూ కిలోలు అమ్మితే కిలో ధర 1000 − 2క్యూ రూపాయలు, మొత్తం ఖర్చు 5000 + 200క్యూ. ముందు ధరను క్యూతో గుణించాలి: రాబడి 1000క్యూ − 2క్యూ². అవకలనం (డిఫరెన్షియేషన్) ఆ తర్వాతే: ఎంఆర్ 1000 − 4క్యూ. దీన్ని ఎంసీ (ఇంకో కిలోకు అయ్యే అదనపు ఖర్చు) 200కి సమానం చేస్తే 200 కిలోలు, ధర 600, లాభం 75,000. లాభం రెండో అవకలజం −4, కాబట్టి గరిష్ఠమే. గుణించకుండా ధరనే 200 చేస్తే 400 కిలోలు. స్థిర ఖర్చు 5,000 మొత్తం నష్టంగా నెత్తిన పడుతుంది.

అన్నిచోట్లా ఇదే చాలదు. సరుకు 150 కిలోలే ఉంటే జవాబు 150. పూర్తి పోటీలో (ఏ ఒక్క అమ్మకందారూ ధరను మార్చలేని మార్కెట్లో) మాత్రం ధరే ఎంఆర్.