చూపులేనివారికి కంప్యూటర్: కొనేముందు చెవితో పరీక్షించండి

విశాఖ ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అన్న లెక్కలే ముందు వినిపిస్తాయి. చూపులేనివాళ్లు మాత్రం ముందు తేల్చుకోవాల్సింది స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఆపరేటింగ్ సిస్టమ్ దాని వెనకే వస్తుంది.

ఆఫీసు పనికీ తెలుగు రాతకూ విండోస్ 11, దాని మీద ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చాలు. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ ఖరీదెక్కువ. లైసెన్సు లేకపోతే 40 నిమిషాలకు ఆగిపోతుంది, మళ్లీ కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఆఫీసువాళ్లు కొనిస్తే సరే. మ్యాక్‌లో వాయిస్ ఓవర్, ఉబుంటు లినక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి కానీ, నేర్పేవాళ్లు దగ్గర్లో లేకుంటే మొదటి కంప్యూటర్‌గా వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చవగ్గా ఇస్తామంటే 11 ఎక్కుతుందో లేదో అడగండి.

షాపుకి పెన్‌డ్రైవ్‌తో వెళ్లండి. తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ నడుస్తుండగా ఇన్సర్ట్+ఎన్ నొక్కి, టూల్స్‌లో పోర్టబుల్ కాపీ (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది) చేసుకోవచ్చు. అది లేకపోయినా విండోస్ కీ+కంట్రోల్+ఎంటర్ నొక్కితే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్ మాట్లాడుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. రోడ్డు రొదలో స్పీకర్ వినపడదు, బ్లూటూత్ చాలాసార్లు మాట మొదలును మింగేస్తుంది. ఇన్సర్ట్ కీ విడిగా లేని ల్యాప్‌టాప్ అయితే సెట్టింగుల్లో క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోవచ్చు. ఇక మౌస్ ముట్టకుండా, మీరు రోజూ వాడబోయే సాఫ్ట్‌వేర్‌ను ట్యాబ్ కీతో తిరగండి. "సేవ్ బటన్" అనాల్సిన చోట ఒట్టి "బటన్, బటన్" అంటోందంటే, తయారుచేసినవాళ్లు పేర్లు పెట్టలేదన్నమాట. స్క్రీన్ రీడర్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌నే వదిలేయండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పన్ను కట్టే పేజీ లాంటి ఫారం కూడా ఒకటి తెరిచి చూడండి. రాసే గడిలో అక్షరాలు పడకపోతే ఇన్సర్ట్+స్పేస్ నొక్కి చదివే మోడ్ నుంచి రాసే మోడ్‌కి మార్చాలి.

అసలు చిక్కు తెలుగుతోనే. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్+కంట్రోల్+ఎస్ నొక్కి, అక్షరాన్ని మాటగా పలికే ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి, తర్వాత ఇన్సర్ట్+కంట్రోల్+వీ నొక్కి స్వరాన్ని తెలుగుకు మార్చండి. గొంతు మరబొమ్మలా ఉంటుంది, ఇంగ్లిష్ మాటలు యాసగా పలుకుతుంది, అయినా ఇంటర్నెట్ లేకుండా చదువుతుంది. యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలో) ఉన్న తెలుగైతేనే సుమా! డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు కంటికి తెలుగే, లోపల మాత్రం వేరే గుర్తులు. అందుకే వినడానికి అర్థంలేని చప్పుడవుతుంది. యూనికోడ్ ఫైలే ఇమ్మని ముందే చెప్పండి, లేదా కన్వర్టర్‌లో మార్చించండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే లోపల ఉన్నది బొమ్మే, చదవడానికి అక్షరం ఉండదు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది. ఒత్తుల దగ్గర, పట్టికల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి అంకెలున్న కాగితాన్ని చూపున్నవారితో ఒకసారి సరిచూపించుకోండి.