లాటిన్ నేర్చుకుందాం – 9: డొముస్, అంటే ఇల్లు

పోయిన పాఠమంతా తోటలోనే తిరిగాం. ఇన్ హొర్తో సుమ్: తోటలో ఉన్నాను. ఇన్ హొర్తుమ్ ఎఓ: తోటలోకి వెళ్తున్నాను. ఎక్స్ హొర్తో వెనియో: తోటలోంచి వస్తున్నాను. ఈ ఇన్, ఎక్స్ అనే చిన్నమాటలు ఈపాటికి వంటబట్టే ఉంటాయి. ఇవాళ వాటిని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి రండి.

ఇంటిని లాటిన్‌లో డొముస్ అంటారు. పైకి చదవండి:

డొమీ సుమ్. ఇంట్లో ఉన్నాను.
డొముమ్ ఎఓ. ఇంటికి వెళ్తున్నాను.
డొమో వెనియో. ఇంటినుంచి వస్తున్నాను.

ముందు ఏ చిన్నమాటా లేదు, పనంతా పదం చివరే చూసుకుంటోంది. నేను మొదట్లో ‘అద్ డొముమ్ ఎఓ’ అని నోటుబుక్కు నిండా రాసి, ఎర్రసిరాతో గీతలు కొట్టించుకున్నాను. చివరికి దారి చూపింది మన సామెతే: ‘ఇంట గెలిచి రచ్చ గెలువు.’ ఇంట్లో అనలేదు చూడండి, ‘లో’ లేకుండా ఒట్టి ‘ఇంట’. డొమీ అచ్చంగా ఆ ‘ఇంట’యే. ‘ఇంటా, యుద్ధంలోనూ’ అనడానికి రోమన్లు ‘డొమీ మిలితియైక్వె’ అనేవారు.

ఊళ్ల పేర్లదీ ఇదే వరస. రోమై అంటే రోములో, రోమమ్ అంటే రోముకి. ‘ఇన్ డొమో’ అసలు లేదని కాదు. ఇల్లనే కట్టడం లోపల అని చెప్పాల్సినప్పుడు అదీ వస్తుంది. ప్రస్తుతానికి దాని జోలికి పోకండి.

ఇంకో తిరకాసు: చివర ‘ఉస్’ ఉన్నా డొముస్ స్త్రీలింగం. పెద్ద ఇల్లు మాగ్నా డొముస్, మాగ్నుస్ కాదు.

అసలు అందరి ఇల్లూ డొముస్ కాదు. పట్నంలో కలిగినవాళ్ల సొంతిల్లు డొముస్, అద్దెకుండేవాళ్ల అంతస్తుల మేడ ఇన్సులా, గుడిసె కాసా. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన రోమన్ల ఊరు పాంపేలో తవ్వితే బయటపడ్డ డొముస్‌లు చూస్తే మన మండువా లోగిలి గుర్తొస్తుంది. నడిమి హాలుకి పైకప్పులో ఖాళీ, కింద వాన నీళ్లు పట్టే తొట్టి. విచిత్రమేమిటంటే ఇటాలియన్, స్పానిష్ భాషల్లో ఇప్పుడు ఇల్లంటే ఆ గుడిసె ‘కాసా’యే. ఇటాలియన్‌లో డొముస్ ‘దువోమో’గా మారి పెద్ద చర్చిల్లో కాపురం పెట్టింది.

మనకీ చుట్టరికముంది. కాలేజీ సీటు కోసం తిప్పలుపడి తెచ్చుకునే డొమిసైల్ సర్టిఫికెట్ దీని సంతానమే. వేదసంస్కృతంలో ఇంటికి ‘దమ’ అని పేరు, డొముస్‌కి తోబుట్టువు. ఇంటి యజమాని దంపతి. పెళ్లిపీటల మీద మన దంపతులు అక్కణ్నుంచి వచ్చినవాళ్లే.

అభ్యాసం. పతెర్ అంటే తండ్రి, ఎస్ట్ అంటే ఉన్నాడు, నోన్ అంటే లేదు. లాటిన్‌లోకి మార్చండి:

1. తండ్రి ఇంట్లో ఉన్నాడు.
2. తండ్రి ఇంట్లో లేడు, తోటలో ఉన్నాడు.
3. తోటలోంచి ఇంటికి వెళ్తున్నాను.

మూడోదాంట్లో చిన్నమాట ఒక్కసారే రావాలి. రెండుసార్లు వస్తే సామెత దగ్గరికి వెనక్కి వెళ్లండి.