ఎంఎస్ అప్లికేషన్‌కి ఎస్‌ఓపీ ఎలా రాయాలి? వేరేవాళ్లది ఎలా దిద్దాలి?

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే మన పిల్లలు జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష కోసం నెలల తరబడి కష్టపడతారు. ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌ఓపీ) దగ్గరికొచ్చేసరికి మాత్రం సీనియర్ రాసింది తెప్పించుకుని, కాలేజీ పేరూ ప్రాజెక్టు పేరూ మార్చి పంపేస్తారు. మార్కులు ఎప్పుడో వచ్చేశాయి, వాటిని ఇప్పుడు మార్చలేం. మన చేతిలో మిగిలింది ఈ రెండు పేజీలే. వాటినే ఇంత తేలిగ్గా తీసేస్తుంటే నాకు బాధేస్తుంది.

1. ఏం అడిగారో చదవండి

ఏం రాయాలో, ఎన్ని పదాలు దాటకూడదో చాలా యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో చెబుతాయి. అన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి. యూసీ బర్కిలీ లాంటి చోట్ల ఎస్‌ఓపీ వేరు, మీ నేపథ్యం చెప్పే పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ వేరు. రెండింట్లోనూ ఒకే కథ పెట్టకండి. లిమిట్ చెప్పకపోతే రెండు పేజీలు దాటొద్దు.

2. ముందు నోటితో చెప్పండి

ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీ ప్రాజెక్టు గురించి ఒక ఫ్రెండ్‌కి తెలుగులోనే చెప్పండి. తర్వాత అది వింటూ ఇంగ్లిష్‌లో రాయండి. ఇంతకంటే మంచి పద్ధతి లేదు. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చేతికొచ్చేవి అరువు వాక్యాలే: చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ప్రాణం, టెక్నాలజీ ప్రపంచాన్ని మార్చేస్తోంది, ఆపైన అబ్దుల్ కలాం గారి కొటేషన్. కలాం గారంటే నాకూ ఎంతో గౌరవం. కానీ సీటు ఇవ్వాలో లేదో తేల్చే అడ్మిషన్ కమిటీ తెలుసుకోవాల్సింది మీ గురించి. మొదటి వాక్యంలోనే మీరు చేసిన పని కనబడాలి.

కన్సల్టెన్సీవాళ్లు రాసిస్తారు కదా అంటారు. రాసిస్తారు, అదే పేరాలు ఇంకొకరికీ ఇస్తారు. చాట్‌జీపీటీ గ్రామర్ బాగానే దిద్దుతుంది, కానీ మీ ల్యాబ్‌లో ఏం జరిగిందో దానికి తెలీదు. తెలియని చోటల్లా నున్నటి మాటలతో నింపేస్తుంది. పైగా దాని వాడకం మీద యూనివర్సిటీలకు రూల్స్ ఉంటాయి, చూసుకోండి.

3. దిద్దించుకోవడం, దిద్దడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. డ్రాఫ్ట్ పంపి "అన్నా, ఒకసారి గ్రామర్ చూడవా" అంటారు. చదివినవాళ్లు నాలుగు కామాలు పెట్టి "సూపర్ రా" అని తిప్పి పంపుతారు. దానివల్ల నష్టమే ఎక్కువ. పనికిరాని వాక్యానికి గ్రామర్ దిద్దితే, ఇక దాన్ని తీసేయడానికి రాసినవాళ్లకి మనసొప్పదు. కాబట్టి దిద్దేవాళ్లు మొదటిసారి గ్రామర్ జోలికి వెళ్లొద్దు. ప్రింట్ తీసి చదవండి, ఫోన్‌లో చదవకూడదు. మొదట పెన్ను పట్టుకోకుండా మొత్తం చదివి, కాగితం పక్కన పెట్టి, ఏం గుర్తుందో చెప్పండి. గుర్తులేని పేరా ఉండక్కర్లేదు.

రెండోసారి చదివేటప్పుడు పక్కన ప్రశ్నలు రాయండి, వాక్యాలు రాసివ్వకండి. ఒక తమ్ముడి డ్రాఫ్ట్‌లో, మిరప ఆకుల తెగుళ్లను గుర్తించే డీప్ లెర్నింగ్ మోడల్ (ఫొటోలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్) తయారుచేసి మంచి ఫలితాలు సాధించాం అని ఉంది. పక్కన మూడు ప్రశ్నలు రాశాను. ఫొటోలు ఎక్కడివి? నలుగురి బ్యాచ్‌లో నీ పని ఏది? ఎక్కడ ఫెయిలైంది?

ఫోన్ చేశాడు. "నెట్‌లో దొరికిన ఫొటోల మీద బాగానే చెప్పింది అన్నా. మా బాబాయి చేలో తీసిన వాటి మీద అన్నీ తప్పులే. నీడలు, మట్టి, పక్క ఆకులు అడ్డం. నేనే మళ్లీ పొలానికి వెళ్లి, పొద్దున కొన్ని, మిట్టమధ్యాహ్నం కొన్ని తీసుకొచ్చి మళ్లీ ట్రెయిన్ చేశా."

"మరి ఇది రాయలేదేంటి తమ్ముడూ?"

"ఫెయిలైందంటే సీటివ్వరేమో అనుకున్నా."

ఎస్‌ఓపీకి ప్రాణం ఆ పొలం ఫొటోలే. రిజల్ట్ ఎంత వచ్చిందో రెజ్యూమెలో ఉంటుంది. తప్పు ఎందుకొచ్చిందో వెతికిన మనిషి కనబడేది ఇక్కడ మాత్రమే. ఆ పేరా అతనే తిరగరాశాడు. నేను రాసిచ్చి ఉంటే మిగతా పేజీకీ దానికీ పొంతన ఉండేది కాదు.

"మేం చేశాం" అని ఉన్న ప్రతిచోటా ఆగండి. బీటెక్ ప్రాజెక్టులు బ్యాచ్‌గా చేస్తాం కాబట్టి అలా రాయడం అలవాటైపోయింది. అందులో మీ వంతు ఎంతో తేల్చి రాయండి. చేయనిది చేశానని మాత్రం రాయొద్దు. తర్వాత ప్రొఫెసర్ అడిగినా, వీసా ఇంటర్వ్యూలో అడిగినా జవాబు చెప్పాల్సింది మీరే.

చదవడానికి ఇద్దరు చాలు: సబ్జెక్టు తెలిసినవాళ్లు ఒకరు, తెలియనివాళ్లు ఒకరు. అయిదుగురికి పంపితే అయిదు రకాలుగా చెబుతారు, చివరికి అది ఎవరిదీ కాకుండా పోతుంది. చెప్పేవాళ్లు కూడా ముఖ్యమైనవి మూడే చెప్పండి. పేజీ నిండా గీతలు చూస్తే ఎవరికైనా టెన్షనే. వినేవాళ్లు అప్పటికప్పుడు వాదించొద్దు, మర్నాడు తిరిగి చూసుకోండి.

4. మిగతా పేరాలు

బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉంటే కారణం రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లండి. ప్రొఫెసర్ల పేర్లు రాస్తే, వాళ్ల పేపర్ ఒక్కటైనా చదివి రాయండి. వాళ్లు ఇంకా ఆ యూనివర్సిటీలోనే ఉన్నారో లేదో కూడా చూసుకోండి. జీఆర్‌ఈ స్కోరు మళ్లీ చెప్పక్కర్లేదు, అప్లికేషన్‌లో ఉంటుంది.

5. పంపేముందు

ఫైల్‌లో వేరే యూనివర్సిటీ పేరు మిగిలిందేమో సెర్చ్ చేయండి. గట్టిగా పైకి చదవండి. గ్రామర్ దిద్దాల్సింది ఇప్పుడు. పీడీఎఫ్ చేశాక ఒకసారి తెరిచి చూడండి. డెడ్‌లైన్ ఏ టైమ్ జోన్‌లో ఇచ్చారో చూసుకోండి. డిసెంబరులో న్యూయార్క్ టైమ్ ప్రకారం రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు ఉదయం 10:29. అంతవరకూ ఆగకుండా రెండు రోజుల ముందే సబ్మిట్ చేయండి.