తుప్పు పట్టిన పాత ఓడను చూసి రావడం ఎలా?

తిరుపతి వాళ్ళకు పడవ అంటే ముందు గుర్తొచ్చేది తెప్పోత్సవమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక వాకాడు, సూళ్ళూరుపేట మన జిల్లాలోకి వచ్చాయి, వాటితో పాటే సముద్రమూ వచ్చింది. తూపిలిపాలెం వైపు, పులికాట్ ఒడ్డున ముసలి పడవలు చూడొచ్చు. ఇనప ఓడలు, టగ్గులు కావాలంటే మాత్రం రేవు ఊళ్ళకు పోవాల్సిందే. టగ్గు అంటే పెద్ద ఓడను లాగి, నెట్టి రేవుకు చేర్చే బుల్లి ఓడ. ఒళ్ళు చిన్నది, ఇంజను పెద్దది.

ముందు ఆ ఓడ ఎవరిదో తెలుసుకోండి. దిక్కులేనట్టు కనిపించే ఓడకు కూడా ఓనరో, బ్యాంకో, కోర్టు కేసో ఉంటుంది. కాపలా మనిషి ఉంటే "అన్నా, చూసి పోతాం, ఏమీ ముట్టుకోం" అని అడగండి. చాలాసార్లు ఆయనే దగ్గరుండి చూపిస్తాడు. వద్దంటే వెనక్కి వచ్చేయండి. పోర్టు గోడ లోపలికి అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు, ఫొటోలు తీయొద్దు. శ్రీహరికోట దగ్గర డ్రోను సరదా అసలే వద్దు.

మందపాటి అడుగున్న బూట్లు, ఫుల్ ప్యాంటు, చేతి గ్లవ్స్, టార్చి, ఒక కర్ర, తోడుగా ఇంకో మనిషి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే డాక్టర్ని అడిగి బయల్దేరండి. పున్నమి, అమావాస్య రోజుల్లో పోటు ఎక్కువ కాబట్టి నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో అక్కడి జాలర్లను అడగండి.

ఇక చూడడం. నా మాట వింటే వెనక వైపు నుంచి మొదలుపెట్టండి. ఓడ పేరు, రిజిస్టరైన ఊరు అక్కడే రాసి ఉంటాయి. పెద్ద ఓడైతే ఐఎంవో నంబరు, అంటే ప్రపంచమంతా ఆ ఓడను గుర్తుపట్టే ఏడంకెల నంబరు కూడా దొరుకుతుంది, చిన్న టగ్గులకు ఉండకపోవచ్చు. పేరు, ఓనరు ఎన్నిసార్లు మారినా ఆ ఏడంకెలు మారవు. సరిగ్గా చదివారో లేదో చూసుకోవడానికి ఒక లెక్క ఉంది. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. 9074729 తీసుకుంటే మొత్తం 139 వస్తుంది. దాని చివరి అంకె 9, నంబరు చివర్లోనూ 9. సరిపోయింది.

ఒకసారి చెన్నై వైపు, తుక్కుకు అమ్మేసిన ఒక టగ్గు దగ్గర ఆగాను. పేరున్న చోట ఆకుపచ్చ పెయింటు అప్పడంలా లేచి ఉంది. ఎండ ఏటవాలుగా పడేసరికి దాని కింద వెల్డింగుతో ఉబ్బెత్తుగా వేసిన ఇంకేవో అక్షరాలు కనిపించాయి. పాత పేరు! పైన రంగు మార్చారు గానీ కింద అక్షరాలను చెరిపే ఓపిక ఎవరికీ లేకపోయింది. అందుకే పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్ళమంటాను. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఇవేవీ కనబడవు. పక్కల వేలాడే లారీ టైర్లు కూడా చూడండి. ఓడకు ఒరుసుకున్నప్పుడు దెబ్బ తగలకుండా కట్టినవి. ఇప్పుడు వాటి నిండా వాన నీళ్ళు, దోమలు.

పైకి రమ్మని పిలిస్తే, ప్రతి అడుగుకు ముందు కర్రతో కొట్టి చూడండి. ఖంగుమంటే రేకు గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా, చచ్చిన శబ్దం వస్తే అక్కడ కాలు పెట్టొద్దు.

మూసి ఉన్న అరల్లోకి, ట్యాంకుల్లోకి, ఇంజను గదిలోకి మాత్రం ఎవరు పిలిచినా దిగొద్దు. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను తినేయడమే. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండేది, ఏళ్ళ తరబడి మూతపడ్డ గదిలో ప్రాణం నిలవనంతగా పడిపోవచ్చు. వాసన ఉండదు, ఉక్కిరిబిక్కిరీ కాదు, మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ అంతే. పాత ఓడల్లో పైపులకు చుట్టిన తెల్లటి పీచు ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ కావచ్చు, గీకొద్దు.

లోపల చూడాలనే కోరిక ఆగకపోతే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ పొండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన కురుసుర జలాంతర్గామి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అదే మేలు.

ఇంటికొచ్చాక బట్టల మీద తుప్పు మరకలకు బ్లీచింగ్ వాడకండి, మరక ఇంకా ముదురుతుంది. నిమ్మరసం, ఉప్పు రుద్ది కాసేపు ఎండలో పెట్టి ఉతకండి.