విశ్వం నుంచి మనిషి దాకా: ఒకే చరిత్రగా చదవడం ఎలా?

విశ్వం, భూమి, జీవం, మనిషి. ఈ నాలుగింటినీ ఒకే వరసలో పెట్టి చదవడాన్ని బిగ్ హిస్టరీ అంటారు. కోచింగ్ బిట్లలా తేదీలు బట్టీ కొడితే ఇది రాదు. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే బట్టీ కొట్టాల్సిన అవసరమే లేదు, చదవాల్సిన రాళ్లు బస్సు దూరంలోనే ఉన్నాయి.

కావలసినవి: బిల్లు మిషన్‌లో వాడే మామూలు కాగితం రోల్ రెండు, టేపు, నోటుబుక్కు, పెన్సిల్. పెన్ను వద్దు, కొత్త ఆధారాలు దొరికితే తేదీలు మారతాయి.

మేడ మీద రోల్ పరవండి. మీటరుకు 100 కోట్ల ఏళ్లు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు కాబట్టి 13.8 మీటర్లు చాలు. కొలత ఈరోజు నుంచి వెనక్కే వేయాలి. సూర్యుడు, భూమి 4.6 మీటర్ల దగ్గర, జీవం తొలి జాడలు సుమారు 3.5 మీటర్ల దగ్గర, రాక్షసబల్లుల అంతం 6.6 సెంటీమీటర్ల దగ్గర వస్తాయి. మన జాతి వయసు 3 లక్షల ఏళ్లు, అంటే ఒక మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. అందుకే దానికి రెండో రోల్, మీటరుకు లక్ష ఏళ్ల చొప్పున. ఒకే రోల్‌లో ఇరికించడానికి మధ్యలో కొలత మార్చేవాళ్లున్నారు. అలా చేస్తే కాలం ఎంత పెద్దదో కంటికి ఆనదు.

ఇక అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. నోటుబుక్కులో ప్రతి తేదీ పక్కన రెండు గడులు గీయండి: "ఎలా తెలిసింది?", "ఇది దేని వయసు?" రెండో గడి ఖాళీగా ఉంటే ఆ తేదీని రోల్ మీదకు ఎక్కించొద్దు.

తిరుమల శిలాతోరణాన్నే తీసుకోండి. దాని వయసు 150 కోట్ల ఏళ్లని చెప్పుకుంటారు. అది ఆ రాయి వయసు. గాలి, నీరు కోసి ఆ తోరణం ఆకారం తెచ్చింది చాలా తర్వాత. రాయి వయసు వేరు, ఆకారం వయసు వేరు.

గుడిమల్లం శివలింగానికి కార్బన్ డేటింగ్ చేస్తే సరిపోతుంది కదా అని అడుగుతుంటారు. సరిపోదు. కార్బన్ పద్ధతి ఒకప్పుడు ప్రాణమున్నవాటికే పనికొస్తుంది, అదీ సుమారు 50 వేల ఏళ్ల లోపు. రాయికి వేరే పద్ధతులున్నా, అవి రాయి పుట్టుకను చెబుతాయి గానీ శిల్పి ఉలి పట్టిన రోజును చెప్పవు. అందుకే ఆ లింగం కాలాన్ని శిల్పశైలిని బట్టి అంచనా వేస్తారు, పండితుల మధ్య వాదన కూడా ఉంది. ఆ వాదననూ నోటుబుక్కులో రాసుకోండి.

తిరుమల ఘాట్ రోడ్డులోని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ (వయసులో చాలా తేడా ఉన్న రెండు రాతి పొరలు కలిసే చోటు) దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కింద 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, దాని నెత్తిన సుమారు 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైట్. గ్రానైట్ చల్లబడినప్పుడు ఏర్పడిన జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం లెక్క తప్పకుండా సీసంగా మారుతుంది కాబట్టి ఆ రాయి పుట్టుక తెలుస్తుంది. క్వార్ట్‌జైట్ ఒకప్పటి ఇసుక. అందులోని జిర్కాన్ తల్లిరాయి వయసే చెబుతుంది, ఇసుక ఎప్పుడు పేరుకుందో చెప్పదు. ఇక ఆ రెండు రాళ్ల మధ్య కాలానికి అక్కడ రాయే మిగల్లేదు. రోల్ మీద దాన్ని గీతలతో నింపండి, "ఇక్కడ ఆధారం లేదు, కాలం ఉంది" అని రాయండి.

ఈ అలవాటు పడితే మిగతాది సులువు. రెండో రోల్‌లో వ్యవసాయం 12 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. చివర్లో, సుమారు అర సెంటీమీటరు దగ్గర, శ్రీకృష్ణదేవరాయలు 1513లో తిరుమలకు వచ్చినప్పటి శాసనం పడుతుంది. అక్కడ శక సంవత్సరం రాతి మీదే చెక్కి ఉంది కాబట్టి రెండు గడులూ ఒక్క మాటతో నిండుతాయి.