సైనిక విడిభాగాల కొనుగోలుకు ఏఐతో అంచనా కట్టడం

లీకు ఆపే ఒక్క సీల్ దొరక్క హెలికాప్టర్ నెలల తరబడి హ్యాంగర్‌లో ఉండిపోవచ్చు. అందుకే సైనిక కొనుగోళ్లలో ఏఐని టెండర్ పత్రాల కంటే ముందు విడిభాగాల అంచనాకే పెట్టాలి.

పనిలో సగం డేటా దగ్గరే. కనీసం ఐదేళ్ల రికార్డును నెలవారీగా తీయండి. స్టోర్స్ ఇష్యూ చేసిన సంఖ్య కాదు, యూనిట్లు ఇండెంట్ (కావాలని రాతపూర్వకంగా అడగడం) పెట్టిన సంఖ్య కావాలి. స్టాక్ లేని నెలలో ఇష్యూ సున్నా. అదే నేర్పితే ఆ భాగం అవసరం లేదని మోడల్ తేలుస్తుంది, మీరు ఇంకా తక్కువ కొంటారు, కొరత ముదురుతుంది. ఒక విమానంలో విప్పి మరోదానికి బిగించినవి స్టోర్స్ పుస్తకంలో కనబడవు, మెయింటెనెన్స్ లాగ్‌లో వెతికి కలపండి.

ఒకే భాగం రెండు మూడు పేర్లతో నమోదై ఉంటుంది. నాటో స్టాక్ నంబర్ (నాటో కూటమి పద్ధతిలో ఒక్కో వస్తువుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే పని తేలిక: 13 అంకెల్లో మొదటి 4 తరగతి, తర్వాతి 2 దేశం, చివరి 7 వస్తువు. తరగతి వదిలేసి మిగతా 9 అంకెలే వాడే పట్టికల్లో స్ప్రెడ్‌షీట్ ముందున్న సున్నాలను తీసేస్తుంది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచండి.

ఇండెంట్ సగటున 1.32 నెలల కంటే అరుదుగా వస్తే మామూలు సగటు పనికిరాదు. 1972 నాటి క్రోస్టన్ పద్ధతి పరిమాణాన్నీ, ఇండెంట్ల మధ్య ఎడాన్నీ విడివిడిగా లెక్కిస్తుంది. అది కాస్త ఎక్కువ చూపుతుంది కాబట్టి, స్మూతింగ్ విలువ (కొత్త ఇండెంట్‌కు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే సంఖ్య) 0.1 అయితే ఫలితాన్ని 0.95తో గుణించండి. ఎగిరిన గంటలు, రాబోయే ఓవర్‌హాల్ తేదీలు ఇచ్చి మెషిన్ లెర్నింగ్ మోడల్‌ను ఆ తర్వాతే కట్టండి. మోడల్‌కు నేర్పకుండా పక్కన పెట్టిన చివరి 12 నెలల మీద క్రోస్టన్‌ను ఓడించకపోతే దాన్ని వాడొద్దు. పొరపాటును శాతాల్లో కొలవకండి, గిరాకీ సున్నా ఉన్న నెలల్లో భాగహారమే కుదరదు.

లీడ్ టైమ్‌కు ఒప్పందంలో రాసిన రోజులు నమ్మొద్దు. ఆర్డర్ నుంచి తనిఖీ పూర్తయి స్టోర్స్‌లో చేరేదాకా నిజంగా పట్టిన రోజులే తీసుకోండి. ఆ మొత్తం కాలానికి సగటు గిరాకీ కాక, నూటికి 95 సార్లు సరిపడే సంఖ్యను అడగండి.

ఈ విడిభాగాల జాబితా చూస్తే ఎన్ని విమానాలు ఎగరగలవో శత్రువు లెక్కగట్టగలడు. బయటి చాట్‌బాట్‌లో ఒక్క వరుస కూడా అతికించకండి, మోడల్ బయటికి కలపని నెట్‌వర్క్‌లోనే నడవాలి. తయారీ ఆగిపోబోయే భాగాలను మాత్రం మోడల్‌కు వదలొద్దు. పాత గిరాకీలో ఆ సంగతి ఉండదు కనుక, సప్లయర్ నోటీసు రాగానే విమానం మిగిలిన ఆయుష్షంతటికీ సరిపడా ఇంజనీర్లే లెక్క వేసి ఒకేసారి కొనాలి.