ఆకాశంలో ఉపగ్రహాలు, వాటి తళుకులు: ఎప్పుడు, ఎటు చూడాలి

ఉపగ్రహాలు చూడాలంటే టెలిస్కోప్ కావాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు, అంత వేగంగా కదిలే చుక్కని టెలిస్కోప్‌లో పట్టుకోవడమే కష్టం. కళ్లు చాలు, 7×50 లేదా 10×50 (ఏడు లేదా పది రెట్లు పెద్దగా చూపే, 50 మి.మీ. కటకాలున్న) బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది. అసలు ముఖ్యమైనది టైము.

ఉపగ్రహం మనకి కనపడేది దాని మీద ఎండ పడి మెరుస్తుంది కాబట్టే. అంటే మన దగ్గర చీకటి పడాలి, అక్కడ పైన దానికి మాత్రం ఇంకా ఎండ తగులుతుండాలి. పొద్దు గూకిన అరగంట తర్వాత నుంచి ఓ గంటన్నర, రెండు గంటలు, అలాగే తెల్లవారేముందు అంతే సేపు చూడండి. అర్ధరాత్రికి తక్కువ ఎత్తులో తిరిగేవి చాలావరకు భూమి నీడలో ఉంటాయి.

మొదట అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంతో మొదలుపెట్టండి. హెవెన్స్ అబవ్ సైట్‌లో మీరున్న చోటు పెడితే ఎన్నింటికి, ఏ దిక్కున మొదలై ఎంత ఎత్తుకి వస్తుందో చెబుతుంది. ప్రకాశం అంకె ఎంత తక్కువుంటే అంత కాంతి, మైనస్‌లో ఉంటే అస్సలు వదలొద్దు. సుమారు 400 కి.మీ. ఎత్తులో, గంటకి దాదాపు 28,000 కి.మీ. వేగంతో పోతుంది కాబట్టి ఆకాశం దాటడానికి ఐదారు నిమిషాలే పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ లైట్లు మినుకుమంటుంటే అది విమానం. సాయంత్రం పూట తూర్పు వైపుకి వెళ్లాక వెలిగే చుక్క కాస్తా ఉన్నట్టుండి మసకబారి మాయమైపోతుంది, భూమి నీడలోకి వెళ్లిందన్నమాట. ఆ చివరి క్షణాలు బైనాక్యులర్స్‌తో చూడండి, నారింజ రంగుకి తిరగడం కనిపించొచ్చు.

ఇక తళుకులు, అంటే ఎండ తగిలి ఉన్నట్టుండి మెరిసే మెరుపులు. ఒకప్పుడు వీటికి రాజు ఇరిడియం అనే ఫోన్ ఉపగ్రహాలు. తలుపంత ఉండే వాటి నునుపైన యాంటెన్నా మీద ఎండ సరైన కోణంలో పడితే కొన్ని సెకన్లపాటు శుక్రుడి కంటే ఎన్నో రెట్లు వెలిగేది, అదీ ముందే సెకన్లతో సహా లెక్కగట్టి చెప్పేంత కచ్చితంగా. 2017 నుంచి 2019 మధ్య కొత్త తరం ఉపగ్రహాలు వచ్చి పాతవాటిని ఒక్కొక్కటిగా దించేయడంతో ఆ వైభవం పోయింది, నాకు ఇప్పటికీ బాధే.

కానీ చూడ్డానికి ఇంకా చాలా ఉంది. నా ఓటు మాత్రం గిరికీలు కొడుతూ తిరిగే పాత రాకెట్ పై దశలకే, అంటే ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలాక అక్కడే మిగిలిపోయిన రాకెట్ పై భాగాలకే. పని అయిపోయి అదుపు లేకుండా దొర్లుతూ పోతుంటాయి కాబట్టి ఏదో ఒక పక్క ఎండకి ఎదురైనప్పుడల్లా తళుక్కుమని, మళ్లీ కళ్లకి ఆనకుండా పోతాయి. ఒక మెరుపు కనిపిస్తే అక్కడే చూస్తూ ఉండిపోకండి, అది పోతున్న దారిలో కాస్త ముందుకి చూడండి, మళ్లీ అక్కడే మెరుస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి ఒక మెరుపుకి సున్నా అనుకుని మొదలుపెట్టండి, పదో మెరుపుకి ఆపి పదితో భాగించండి. అదే దాని మెరుపు వ్యవధి. టైము, దిక్కు, దగ్గర్లో ఉన్న నక్షత్రం కూడా రాసిపెట్టుకుంటే తర్వాత అది ఏ రాకెట్‌దో సైట్‌లో పోల్చి తేల్చుకోవచ్చు. కొన్ని నెలల తర్వాత అదే వస్తువుని మళ్లీ కొలవండి, దొర్లే వేగం మారిందో లేదో మీ నోట్సే చెబుతుంది. మెరుపు ఒక్కసారే వచ్చి ఆగిపోతే మాత్రం ఏదీ తేల్చలేం, సూటిగా మన వైపు వచ్చే ఉల్క కూడా అలాగే ఉంటుంది.

ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు ప్రయోగించిన కొత్తలో రైలు పెట్టెల్లా వరసగా పోతాయి. తర్వాత విడిపోయాక, సూర్యుడు ఏ దిక్కున దిగంతం కింద ఉన్నాడో ఆ వైపు, తక్కువ ఎత్తులో ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతుంటాయి.

ఓపికుంటే 35,786 కి.మీ. ఎత్తులో, ఎప్పుడూ భూమ్మీద ఒకే చోటికి పైన ఉన్నట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహాలూ ప్రయత్నించండి. ఉత్తరార్ధగోళంలో ఉండేవాళ్లకి మార్చి విషువత్తుకి (పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజుకి) కాస్త ముందు, సెప్టెంబర్ విషువత్తు దాటిన కొన్నాళ్లకి ఇవి కొద్ది నిమిషాలపాటు బాగా ప్రకాశిస్తాయి. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, భూమి నీడ అంచుల దగ్గర వెతకండి. కెమెరాని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి ఎక్కువ సేపు ఎక్స్‌పోజర్ ఇస్తే నక్షత్రాలన్నీ గీతలుగా సాగుతాయి, ఇవి మాత్రం చుక్కలుగానే నిలబడతాయి.